పొరలు పొరలుగా గిటార్లు: మినిమలిస్ట్ సంగీతం కట్టే తీరుపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక చిన్న ప్యాటర్న్‌ని గిటార్ మీద వాయించి, దాని పైన అదే ప్యాటర్న్‌ని కాస్త జరిపి మళ్లీ వాయించి, అలా ఐదో పదో పొరలు పేర్చి చేసే సంగీతం గురించి కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అడిగే ప్రశ్నలివి. నాలుగైదు కార్డులు పట్టుకోవడం, మెట్రోనోమ్‌తో పాటు వాయించడం వస్తే చాలు, ఇక్కడ చెప్పినవన్నీ చేసి చూడొచ్చు. స్వరాలకు ఎ, బి, డి, ఇ, జి అనే పాశ్చాత్య పేర్లే వాడాను. ఫ్రెట్‌బోర్డు మీద వెతుక్కోవడానికి అవే సులువు.

మినిమలిస్ట్ సంగీతం అంటే తక్కువ స్వరాలతో చేసేదా?

వినడానికి అలా ఉండదు. పది గిటార్లు ఒకేసారి మోగుతుంటే సెకనుకు ఎన్ని స్వరాలు పడుతున్నాయో లెక్కపెట్టలేం. తక్కువగా ఉండేది ముడిసరుకు: ఐదారు స్వరాలు, ఒక చిన్న ప్యాటర్న్, మారని వేగం, ఒకే రకం నాదం. దాన్నే తిప్పి తిప్పి వాయిస్తూ, ఎప్పుడో ఒకసారి ఒక్క చిన్న మార్పు చేస్తారు. చుట్టూ ఏదీ మారడం లేదు కాబట్టి ఆ మార్పు పెద్దగా వినపడుతుంది.

ఈ ధోరణి 1960ల్లో అమెరికాలో లా మాంటే యంగ్, టెరీ రైలీ, స్టీవ్ రైష్, ఫిలిప్ గ్లాస్‌ల చేతుల్లో రూపుదిద్దుకుంది. వీళ్లలో రైష్ 1968లో రాసిన ఒక వ్యాసంలో, సంగీతం ఏ పద్ధతిలో మారుతోందో అది వినేవాళ్లకు వినపడాలి, తెర వెనక దాగకూడదు అని వాదించాడు. పొరల గిటార్ సంగీతానికి ఇప్పటికీ పనికొచ్చే మాట అది.

గిటారే ఎందుకు?

మీటిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది, వెంటనే శబ్దం తగ్గడం మొదలవుతుంది. ఆ తగ్గే చోట ఇంకో గిటార్‌కి జాగా దొరుకుతుంది. వయొలిన్‌లాగా గీసి నిలబెట్టే వాద్యాలతో ఇంత ఒత్తుగా పేరిస్తే అంచులు కలిసిపోయి ముద్దైపోతుంది. దానికితోడు ఒకే మనిషి ఒకే గిటార్‌తో అన్ని పొరలూ రికార్డు చేస్తే నాదం అంతటా ఒకేలా ఉంటుంది. ఏ స్వరం ఏ గిటార్‌దో పోల్చుకోలేం. ఇదేదో లోపం అనుకుంటారు చాలామంది. ఈ సంగీతం నడిచేదే దాని మీద. ఎందుకో కింద వస్తుంది.

మొదట ఏది వినాలి?

స్టీవ్ రైష్ 1987లో జాజ్ గిటారిస్ట్ పాట్ మెథీనీ కోసం రాసిన ‘ఎలక్ట్రిక్ కౌంటర్‌పాయింట్’. మూడు భాగాలు (వేగం, నెమ్మది, మళ్లీ వేగం), మొత్తం సుమారు 15 నిమిషాలు. వాయించే వ్యక్తి పది గిటార్ భాగాల్ని, రెండు బేస్ గిటార్ భాగాల్ని ముందే రికార్డు చేసుకుని, వేదిక మీద పదకొండో గిటార్‌ని వాటితో కలిపి వాయిస్తాడు.

మొదటి భాగంలోని ప్యాటర్న్ మధ్య ఆఫ్రికా కొమ్ము వాద్యాల సంగీతం నుంచి తీసుకున్నది. ఆ సంగీతాన్ని అధ్యయనం చేసిన సిమ్హా అరోమ్ ద్వారా అది రైష్‌కి తెలిసింది. ఆ కొమ్ముల బృందాల్లో ఒక్కొక్కరి వాద్యం ఒక్క స్వరమే పలుకుతుంది. అందరూ తమ తమ చోట ఊదితేనే బాణీ పుడుతుంది. గిటార్ పొరల వెనకున్న ఆలోచన కూడా అదే. మొదటి భాగంలో ఎనిమిది గిటార్లు ఒకే ప్యాటర్న్‌ని వేర్వేరు చోట్ల ఎత్తుకుంటాయి, మిగతా రెండు గిటార్లు, బేస్ కార్డుల్ని టకటకమని కొడుతూ ఉంటాయి. రెండో భాగంలో వేగం సగమై, కొత్త ప్యాటర్న్ తొమ్మిది గిటార్లతో పేరుకుంటుంది. మూడో భాగం సంగతి బేస్ గురించి చెప్పేటప్పుడు.

మొదటిసారి విన్నప్పుడు ఏమీ లెక్కపెట్టకండి. రెండోసారి బేస్ ఎక్కడ వచ్చిందో ఒక్కటే గమనించండి.

సొంతంగా ప్యాటర్న్ ఎలా తయారు చేయాలి?

అందరూ స్వరాలతో మొదలుపెడతారు. ఖాళీలతో మొదలుపెట్టండి.

ఒక ఆవర్తనాన్ని, అంటే ప్యాటర్న్ ఒకసారి తిరిగొచ్చే చుట్టును, 12 మాత్రలుగా (సమాన కాలపు ముక్కలుగా) తీసుకుందాం. వాటిలో 7 చోట్ల మీటుదాం, 5 చోట్ల ఆపుదాం. మీటే మాత్రలు: 1, 2, 4, 6, 7, 9, 11. ఖాళీలు: 3, 5, 8, 10, 12. ముందు ఒకే తీగ మీద, ఎడమ చెయ్యి పెట్టకుండా, కాలితో ప్రతి మాత్రా తడుతూ ఇది నోటికి ఎక్కేదాకా వాయించండి. ఎక్కడా సరిసమానంగా తెగదు, అందుకే విసుగు పుట్టదు.

ఇప్పుడు స్వరాలు:

1వ మాత్ర: ఇ (నాలుగో తీగ, 2వ ఫ్రెట్)
2: బి (రెండో తీగ, ఖాళీగా)
4: డి (రెండో తీగ, 3వ ఫ్రెట్)
6: పై ఇ (ఒకటో తీగ, ఖాళీగా)
7: జి (ఒకటో తీగ, 3వ ఫ్రెట్)
9: బి (రెండో తీగ, ఖాళీగా)
11: ఎ (మూడో తీగ, 2వ ఫ్రెట్)

ఒక్కటే వాయిస్తే ఇదేం గొప్పగా ఉండదు, అలా ఉండకపోవడమే మంచిది. ఒంటరిగానే పూర్తి పాటలా అనిపించే ప్యాటర్న్ మీద రెండో పొర వేస్తే రెండు పాటలు కొట్టుకున్నట్టుంటుంది. నా లెక్కలో మంచి ప్యాటర్న్‌కి పరీక్ష ఒక్కటే: అది విన్నప్పుడు ‘ఇంకేదో రావాలి’ అనిపించాలి.

రెండో గిటార్ ఎక్కడ మొదలవ్వాలి?

రచన అనే పని నిజానికి ఇక్కడే మొదలవుతుంది. రెండో గిటార్ కూడా పై ప్యాటర్న్‌నే, అవే స్వరాలతో వాయిస్తుంది. కొన్ని మాత్రలు ఆలస్యంగా ఎత్తుకుంటుంది, అంతే. దీన్ని కేనన్ అంటారు. ఎన్ని మాత్రలు ఆలస్యం అన్నదాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుంది.

ఒక్క మాత్ర జరిపితే రెండో గిటార్ 2, 3, 5, 7, 8, 10, 12 మాత్రల్లో మీటుతుంది. మొదటి గిటార్ వదిలిన అయిదు ఖాళీలూ నిండిపోతాయి. 2, 7 మాత్రల్లో మాత్రమే ఇద్దరూ కలుస్తారు. ఎడతెగని ధార. ఆహా అనిపిస్తుంది, కానీ ఇక మూడో గిటార్‌కి చోటు లేదు.

అయిదు మాత్రలు జరిపితే దానికి పూర్తి విరుద్ధం: ఏడింటిలో ఆరు స్వరాలు మొదటి గిటార్ స్వరాల మీదే పడతాయి. కొత్తగా నిండేది 12వ మాత్ర ఒక్కటే. లయ దాదాపు మారదు, స్వరాలు మాత్రం జంటలవుతాయి. ఒకేసారి మోగే కార్డులు కావాలంటే ఇది పనికొస్తుంది.

నాలుగు మాత్రలు జరిపితే మధ్యస్థం. మూడు చోట్ల (1, 6, 11) కలుస్తారు, మొత్తం మీద 11 మాత్రలు నిండుతాయి, 12వది ఖాళీగా మిగులుతుంది. ఆవర్తనం చివర ఆ ఒక్క ఖాళీ ఊపిరిలా పనిచేస్తుంది. నాకు ఇదే ఇష్టం.

ఇలా 1 నుంచి 11 దాకా అన్ని జరుపుళ్లనూ కాగితం మీద గళ్లు గీసి చూసుకోవచ్చు. ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ ఖాళీ మిగిలింది అన్నవి గిటార్ ముట్టకుండానే తెలిసిపోతాయి. ఏది వినడానికి బాగుందో మాత్రం వాయించి తీరాల్సిందే.

‘పుట్టుకొచ్చే బాణీ’ అంటే ఏమిటి? ఎవరూ వాయించని పాట వినపడుతుందంటారు, నిజమేనా?

నిజమే, పై ఉదాహరణలోనే ఉంది. నాలుగు మాత్రలు జరిపిన రెండో గిటార్‌ని మొదటిదానితో కలిపి, పై రెండు తీగల మీద పడే డి, ఇ, జి స్వరాల్ని మాత్రమే వినండి. 4వ మాత్రలో డి, 6లో ఇ, 7లో జి మొదటి గిటార్‌వి. 8లో డి, 10లో ఇ, 11లో జి రెండో గిటార్‌వి. చెవికి ఇవి రెండు గిటార్లుగా తెలియవు. ‘డి, ఖాళీ, ఇ, జి, డి, ఖాళీ, ఇ, జి’ అని ఒకే గిటార్ ఒకే పలుకును రెండుసార్లు పలికి, ఆ తర్వాత నాలుగు మాత్రలు ఆగినట్టు వినపడుతుంది. అలా వాయించమని ఏ గిటార్‌కీ ఎవరూ రాసివ్వలేదు.

ఒకే నాదం ఎందుకు కావాలన్నానో ఇప్పుడు తెలుస్తుంది. ఒక గిటార్ డిస్టార్షన్‌తో, ఇంకోటి నైలాన్ తీగలతో ఉంటే చెవి వెంటనే ఇద్దరినీ విడదీస్తుంది, ఈ బాణీ కట్టదు. నాదం ఒకటైతే చెవి దగ్గర ఎత్తులో ఉన్న స్వరాల్ని కలిపి గీత గీసుకుంటుంది.

ఇలా పుట్టిన బాణీల్లో ఒకదాన్ని ఎంచుకుని, వేదిక మీది గిటారిస్ట్ దాన్నే పైకి వినపడేలా వాయిస్తాడు. శ్రోతకు అప్పటిదాకా సగం సగం వినపడుతున్నది స్పష్టమవుతుంది. కాసేపటికి అతను ఆపేసి ఇంకోటి ఎత్తుకుంటాడు. మొదటిది మాత్రం చెవిలో అలాగే మోగుతూ ఉంటుంది, ఎందుకంటే అది పొరల్లో ఇంకా ఉంది. రైష్ ఈ కిటుకును 1967లో నాలుగు వయొలిన్ భాగాల కోసం రాసిన రచనలోనే వాడాడు. గిటార్ రచనలో సోలో అంతా దాదాపు దీని మీదే నడుస్తుంది. కాబట్టి ‘పొరల మీద సోలో ఏం వాయించాలి’ అని కంగారుపడకండి. కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు, లోపల ఉన్నదాన్ని వెతికి బయటికి తేవాలి.

నాలుగు మాత్రల చొప్పున జరుపుతూ పోతే సరిపోతుందా?

సరిపోదు. రెండోది 4 దగ్గర, మూడోది 8 దగ్గర పెడితే లెక్క అందంగా ఉంటుంది కానీ సంగీతం చచ్చిపోతుంది. 12 మాత్రల్లో మూడు గిటార్లు సమాన దూరంలో ఉంటే మొత్తం కలిసి ప్రతి నాలుగు మాత్రలకీ ఒకేలా తిరుగుతుంది. అంటే 12 మాత్రల ప్యాటర్న్ కాస్తా 4 మాత్రల ముక్కగా కుదించుకుపోతుంది. చివరి ఖాళీ కూడా పోతుంది.

మూడోదాన్ని 7 మాత్రలు జరిపి చూడండి. అప్పుడు అది 8, 9, 11, 1, 2, 4, 6 మాత్రల్లో పడుతుంది. 12వ మాత్ర ఇంకా ఖాళీయే. పై తీగల బాణీలోకి 1లో ఇ, 2లో జి వచ్చి చేరతాయి. 11వ మాత్రలో మొదటి గిటార్ ఎ, మూడోది డి, రెండోది జి ఒకేసారి మోగుతాయి. ఆ మూడూ కలిసి ఎటూ తేలని, కాస్త గరుకైన కార్డు అవుతుంది. వెంటనే వచ్చే నిశ్శబ్దం దాన్ని ఇంకా పదునుగా చేస్తుంది.

కొత్త పొరను ఒక్కసారిగా తీసుకురావాలా?

తెస్తే తప్పేం లేదు, కానీ లూప్ బటన్ నొక్కినట్టు ఉంటుంది. ఇంకో దారి: ఖాళీల్లో ఒక్కో స్వరాన్ని నింపుకుంటూ రావడం. రెండో గిటార్ ముందు తన ప్యాటర్న్‌లో పై ఇ ఒక్కటే వాయిస్తుంది, 10వ మాత్రలో. నాలుగైదు ఆవర్తనాల తర్వాత దానికి ముందు డి చేరుతుంది. ఆ తర్వాత 5వ మాత్రలో కింది ఇ. అలా ఏడు స్వరాలూ నిండేసరికి ఒక నిమిషం పైనే గడిచిపోతుంది, శ్రోత అంతసేపూ వెతుకుతూ కూర్చుంటాడు. రైష్ 1971లో పూర్తి చేసిన ‘డ్రమ్మింగ్’ మొదలయ్యేదే ఇలా, ఒకే ఒక్క దెబ్బతో.

ఏ స్వరం ముందు వేయాలన్నది మీ ఇష్టం. ఇప్పటికే ఉన్న స్వరం మీద పడేదాన్ని చివరికి ఉంచుకోండి. ఖాళీలో పడేదాన్నే చెవి ముందు పట్టుకుంటుంది.

ఒక మార్పుకీ ఇంకో మార్పుకీ మధ్య ఎంతసేపు ఆగాలి?

కొలత గడియారంలో లేదు. కొత్త స్వరం మొదటిసారి విన్నప్పుడు ఆశ్చర్యం, రెండోసారి గుర్తుపట్టడం, మూడు నాలుగోసారికి అలవాటు. అలవాటై ఇంకొంచెం సాగాక మార్చండి. వాయించేవాళ్లకి శ్రోత కంటే ముందే విసుగొస్తుంది, కాబట్టి మీకు మార్చాలనిపించిన చోట ఇంకో రెండు ఆవర్తనాలు ఆగితే సాధారణంగా సరిపోతుంది. రికార్డు చేసి మర్నాడు వినండి. ఎక్కడ తొందరపడ్డారో ఇట్టే తెలిసిపోతుంది.

కార్డులు మారకుండా పదిహేను నిమిషాలు ఎలా గడుస్తుంది?

గిటార్లు మారక్కర్లేదు, బేస్ మారితే చాలు. మన ప్యాటర్న్‌లో ఉన్నవి ఇ, జి, ఎ, బి, డి. కింద బేస్ ఇ పట్టుకుంటే అంతా ఇ మైనర్‌గా వినపడుతుంది. అదే బేస్ సి మీదికి దిగితే, పైన ఒక్క స్వరం కూడా మారకుండా మొత్తం సి మేజర్ వెలుగులోకి వచ్చేస్తుంది: ఇ మూడో స్వరం, జి అయిదోది, బి ఏడోది, డి తొమ్మిదోది అవుతాయి. జి మీద పెడితే ఇంకో రంగు, ఎ మీద పెడితే ఇంకోటి. నాలుగు బేస్ స్వరాలతో పది నిమిషాలు హాయిగా నడపొచ్చు.

అందుకే బేస్‌ని మొదటి నుంచీ వాడేయకండి. ‘ఎలక్ట్రిక్ కౌంటర్‌పాయింట్’ మూడో భాగంలో నాలుగు గిటార్లు కేనన్‌లో పేరుకున్నాకే బేస్‌లు వస్తాయి. అవి వచ్చాకే లయను ఎలా విడగొట్టుకుని వినాలో మనకు తెలుస్తుంది. భాగం చివరి వైపు శ్రుతి ఇ మైనర్‌కీ సి మైనర్‌కీ మధ్య అటూ ఇటూ దూకుతుంది. అక్కడ పైన స్వరాలూ మారతాయి, కాబట్టి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

12 మాత్రలే ఎందుకు? 8 అయితే కుదరదా?

కుదురుతుంది, కానీ 12 ఇచ్చేంత ఆట 8 ఇవ్వదు. 12ని నాలుగేసి చొప్పున మూడు ముక్కలు చేయొచ్చు, మూడేసి చొప్పున నాలుగు ముక్కలూ చేయొచ్చు. బేస్ 1, 5, 9 మాత్రల్లో కొడితే చతురశ్ర నడక, 1, 4, 7, 10లో కొడితే తిశ్ర నడక. పైన గిటార్లు ఏమీ మార్చలేదు. కింద కాలు వేసే చోటు మారింది, అంతే. శ్రోత తల ఊపే తీరు మారిపోతుంది. పైన చెప్పిన మూడో భాగం చివర జరిగేది కూడా ఇదే: శ్రుతితో పాటు ఈ విభజన కూడా అటూ ఇటూ మారుతూ ఉంటుంది.

ఫేజింగ్, కేనన్ ఒకటేనా?

కాదు. కేనన్‌లో రెండో గిటార్ ఒక చోట నిలబడి ఉంటుంది, నాలుగు మాత్రలు వెనకంటే వెనకే. ఫేజింగ్‌లో అది నెమ్మదిగా జారుతూ ఉంటుంది. 1965లో రైష్ రెండు టేప్ మిషన్లలో ఒకే మాట ముక్కను తిప్పుతుంటే అవి కొద్దికొద్దిగా ఒకదాన్నొకటి దాటిపోవడం విని దీన్ని పట్టుకున్నాడు. 1967లో ఇద్దరు పియానిస్టుల చేత అదే పని చేయించాడు.

సాఫ్ట్‌వేర్‌లో చేయడం తేలిక. ఒక ట్రాక్ నిమిషానికి 120 బీట్లు, రెండోది 121 పెట్టండి. నిమిషం గడిచేసరికి రెండోది ఒక బీట్ ముందుంటుంది. బీటుకి రెండు మాత్రలు అనుకుంటే ఒక్కో మాత్ర దాటడానికి 30 సెకన్లు, 12 మాత్రల చుట్టు పూర్తవడానికి 6 నిమిషాలు. మధ్యలో రెండూ ఏ మాత్రకీ అతకని చోట ఉన్నప్పుడు వినడానికి గందరగోళంగా, కాస్త టెన్షన్‌గా ఉంటుంది. ఉండాలి కూడా, అవతలి మాత్ర మీద చక్కగా కుదురుకున్నప్పుడు కలిగే హాయి దాని నుంచే వస్తుంది. మనిషి చేత్తో ఇలా జారుతూ వాయించడం చాలా కష్టం, పక్క గిటార్ మనల్ని లాగేస్తుంది.

వేర్వేరు పొడవుల లూపులు వాడొచ్చా?

వాడొచ్చు. 12 మాత్రల లూప్ పక్కన 7 మాత్రల లూప్ పెడితే 84 మాత్రలకి గానీ రెండూ మళ్లీ ఒకచోట మొదలవ్వవు. మాత్రకి పావు సెకను చొప్పున అది 21 సెకన్లు. 5 మాత్రల లూప్ ఇంకోటి చేరిస్తే 420 మాత్రలు, అంటే ఒక నిమిషం 45 సెకన్లు. చిన్న పెట్టుబడితో ఎక్కువ రాబడే. కానీ అన్ని కలయికలూ బాగుండాలన్న హామీ లేదు. స్వరాలు తక్కువగా, శ్రుతి ఒకటిగా ఉంటేనే ఇది నిలబడుతుంది.

లూప్ పెడల్ ఒక్కటి ఉంటే చాలా?

నేర్చుకోవడానికి చాలు. రచనకి చాలదు. మామూలు లూప్ పెడల్‌లో (వాయించినదాన్ని రికార్డు చేసి తిప్పి తిప్పి వినిపించే పరికరం) పొరలన్నీ ఒకే గంపలో పడిపోతాయి. చివరిగా వేసినదాన్ని తీసేయొచ్చు, మధ్యలో ఉన్న మూడోదాన్ని మాత్రం తీయలేం. దాంతో సంగీతం ఎప్పుడూ ఒకే దిశలో, తక్కువ నుంచి ఎక్కువకే వెళ్తుంది. యూట్యూబ్‌లో లూప్ ప్రదర్శనలు సగానికి సగం ఒకేలా అనిపించడానికి కారణం ఇదే. ఒక్కో పొరను విడిగా ఆపగలిగే లూపర్ గానీ, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ గానీ కావాలి.

లూపులతో వేరే రకం అందం కూడా సాధ్యమే. 1972-73ల్లో గిటారిస్ట్ రాబర్ట్ ఫ్రిప్, సంగీతకారుడు బ్రయన్ ఈనో రెండు టేప్ రికార్డర్ల మధ్య టేపును సాగదీసి, వాయించినది కొన్ని సెకన్ల తర్వాత మళ్లీ వినపడేలా చేశారు. అక్కడ పాత పొరలు వాటంతటవే మసకబారి పోతాయి, అందుకే గంప నిండిపోదు. అది మేఘంలా పరుచుకునే సంగీతం. ఈ పేజీలో చెప్తున్న అల్లిక పని దాంతో కాదు.

డిలే పెడల్‌తో కేనన్ వస్తుందా?

వస్తుంది, సరదాగా ఉంటుంది కూడా. వాయించినదాన్ని కాసేపు ఆగి మళ్లీ పలికించే పెడల్ అది. 120 బీట్ల వేగంలో మాత్ర 250 మిల్లీసెకన్లు. డిలేని 1000 మిల్లీసెకన్లకి పెట్టి, ఒక్కసారే తిరిగొచ్చేలా, అసలు శబ్దంతో సమానమైన బలంతో ఉంచితే పైన చెప్పిన నాలుగు మాత్రల కేనన్ దానంతటదే తయారవుతుంది. 1750కి పెడితే ఏడు మాత్రలది. మీరు ఆగితే అదీ ఆగుతుంది, మీరు తప్పితే అదీ తప్పుతుంది.

ఒక ఆవర్తనం వాయించి కాపీ-పేస్ట్ చేస్తే పోలా?

పోతుంది, కానీ ప్రాణం కూడా పోతుంది. ఒకే రికార్డింగ్‌ని పదిచోట్ల అతికిస్తే రెండో స్వరంలో పిక్ కాస్త గట్టిగా తగిలిందనుకోండి, అదే గట్టితనం పది పొరల్లోనూ, ప్రతి మూడు సెకన్లకీ వస్తుంది. చెవి దాన్ని పట్టేసుకుంటుంది, ఇక వదలదు. ప్రతి పొరనూ కనీసం రెండు మూడు నిమిషాలు ఆపకుండా వాయించి, అందులోంచి బాగున్న భాగం వాడుకోండి. మణికట్టు నొప్పి పుడితే ఆపేయండి, పిక్‌ని వదులుగా పట్టుకుంటే సగం నొప్పి తగ్గుతుంది.

ప్రతి స్వరాన్నీ గ్రిడ్‌కి లాగి పెట్టే క్వాంటైజ్ కూడా అంతే. ఇద్దరు కలిసే మాత్రల్లో అతి చిన్న తేడా ఉండడమే వినడానికి బాగుంటుంది.

పొరలు పెరిగేకొద్దీ అంతా వెనకబడుతోంది. నా లయ తప్పా?

చాలాసార్లు తప్పు మీది కాదు, లేటెన్సీది. మీరు వాయించింది కంప్యూటర్‌లోకి 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతోందనుకుందాం. ప్రతిసారీ క్లిక్ (మెట్రోనోమ్ చప్పుడు) విని వాయిస్తే అన్ని పొరలూ సమానంగా 20 వెనక ఉంటాయి, ఇబ్బంది లేదు. కానీ ప్రతిసారీ కిందటి పొరను విని వాయిస్తే ఆలస్యం మీద ఆలస్యం చేరుతుంది. పదో పొరకి 200 మిల్లీసెకన్లు, అంటే దాదాపు ఒక మాత్ర. క్లిక్‌ని చెవిలో గట్టిగా, కిందటి పొరల్ని మెల్లగా పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్‌లో లేటెన్సీ సరిదిద్దే సెట్టింగ్ ఉంటుంది, మొదటి రోజే దాని సంగతి చూసేయండి.

ప్రతి టేక్‌కీ ముందు శ్రుతి చేసుకోవడం కూడా మానొద్దు. ఒకే స్వరాన్ని ఒక గిటార్ 440 దగ్గర, ఇంకోటి 442 దగ్గర పలికితే సెకనుకి రెండుసార్లు అల కదిలినట్టు ఊగుతుంది. రెండు గిటార్లకి అది ముచ్చటగానే ఉంటుంది, పదికి తలనొప్పి.

మిక్స్‌లో ఏం చూసుకోవాలి?

కేనన్‌లో పక్కపక్కన వచ్చే గిటార్లను ఎడమకొకటి కుడికొకటి పంచండి. మరీ చివరంటా వద్దు, విడిపోతే పుట్టుకొచ్చే బాణీ తెగిపోతుంది. రివర్బ్ (గది ప్రతిధ్వని) చాలా తక్కువ. మన ప్యాటర్న్‌లో అతి తక్కువ స్వరం 165 హెర్ట్జ్ దగ్గరుంది, కాబట్టి 120 కింద ఉన్నదంతా కోసేసి ఆ జాగా బేస్‌కి ఇచ్చేయండి. సోలో గిటార్ మిగతావాటికంటే ఒక వీసం పైన ఉంటే చాలు.

వంద గిటార్లతో చేసే రచనలు కూడా ఇలాంటివేనా?

బంధువులే కానీ వేరే ఇల్లు. న్యూయార్క్‌లో రీస్ చాతమ్ 1977లో కొన్ని ఎలక్ట్రిక్ గిటార్లతో ఒకే ఇ తీగను ఎడతెగకుండా కొట్టించి, దాని లోపలి అనుస్వరాల్ని (అసలు స్వరంతో పాటు సన్నగా మోగే పై స్వరాల్ని) బయటికి రప్పించాడు. ఇ తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంటే 165, 247, 330 దగ్గర కూడా స్వరాలు ఉంటాయి. గట్టిగా, చాలాసేపు కొడితే పైన అవే ఓ పాట పాడుతున్నట్టుంటుంది. 1989లో వంద ఎలక్ట్రిక్ గిటార్లకి రాశాడు. గ్లెన్ బ్రాంకా కూడా 2001లో వంద గిటార్ల సింఫనీ చేశాడు. వీళ్ల సంగీతంలో పనిచేసేది శబ్దపు ముద్ద, దాని బరువు. రైష్ దారిలో పనిచేసేది స్వరాల మధ్య ఖాళీ. రెండూ ఒకే రచనలో కలపాలనుకుంటే ఖాళీలే ముందు బలైపోతాయి, జాగ్రత్త.

ముగింపు ఎలా?

మెల్లగా ఫేడ్ చేయకండి, అది తప్పించుకోవడం. అన్ని గిటార్లూ ఒకే మాత్రలో టక్కున ఆగితే హాల్లో వచ్చే నిశ్శబ్దం చాలా గట్టిది. లేదా వచ్చిన వరసకి భిన్నంగా, మొదట వచ్చిన గిటార్‌నే మొదట తీసేయండి. మిగిలినవి అవే ప్యాటర్న్‌లు అయినా, కొలిచి చూసుకోవడానికి మొదటిది లేక కొత్తగా వినపడతాయి.

వేదిక మీద వాయించేటప్పుడు లెక్క తప్పితే?

ముందే రికార్డు చేసిన పొరలు మీకోసం ఆగవు. ఆపేసి, బేస్ మారే చోటు కోసం ఎదురుచూసి అక్కడ కలవండి. మధ్యలో వెతుక్కుంటూ వాయిస్తే అందరికీ తెలుస్తుంది. నాలుగు ఆవర్తనాలు మౌనంగా ఉంటే అది రచనలో భాగమే అనుకుంటారు. చెవిలోకి వచ్చే క్లిక్ ట్రాక్‌లో ప్రతి భాగం మొదట్లో ‘మూడు’, ‘నాలుగు’ అని మీ గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇంకొకరి రచనను పొరలుగా రికార్డు చేసి ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా?

కేనన్, ఫేజింగ్, ఖాళీలు నింపడం లాంటి పద్ధతులు ఎవరి సొత్తూ కావు, ఎవరైనా వాడుకోవచ్చు. ఒకరు రాసిన స్వరాలు మాత్రం హక్కులున్నవి. అలాంటివి రికార్డు చేసి విడుదల చేయాలన్నా, వేదిక మీద వాయించాలన్నా ప్రచురణకర్త నుంచో హక్కుల సంస్థ నుంచో లైసెన్స్ కావాలి. నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. ఈ పేజీలోని 12 మాత్రల ప్యాటర్న్ విషయంలో అదేమీ లేదు. తీసుకోండి, స్వరాలు మార్చండి, జరపండి.